మబ్బు తోలే గొట్టం

నల్లబండపల్లి,
ముదిగుబ్బ మండలం.

చిరంజీవి మేనల్లుడు విష్ణువర్ధన్‌కు నీ మామ బయ్యన్న దీవించి రాసేది ఏమంటే —

ఈడ నేనూ మీ అత్తా బాగున్నాము. అనంతపురంలో మీ అమ్మ తిమ్మక్క, నువ్వు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఫోన్ పెట్టుకొని ఉత్తరాలు రాస్తాడేమి ఈ మనిషి అనుకుంటావు. కారణం ఉంది. మొన్న మీ అత్తతో, డ్రిప్పు పైపులు ఎలుకలు కొరికినాయే అన్నాను. ఫోన్ గూట్లో ఉంది, నేను దాన్ని తాకను కూడా తాకలేదు. సాయంత్రం తెరిచి చూస్తే డ్రిప్పు పైపుల బొమ్మలు, వాటి కింద ఎలుకల మందు బొమ్మలు. అప్పటికప్పుడే దాన్ని ఆర్పేసి జొన్నల డబ్బాలో పూడ్చి పెట్టినాను. ఇక మన మాటలన్నీ రూటు బస్సు కండక్టరు చేతి మీదుగానే.

అసలు సంగతికి వస్తాను. నీ స్నేహితుడు శశికుమార్ వచ్చినాడు. "బ్యాంకు ఉద్యోగి మామా, టౌన్‌లో లైట్ల వెలుతురుకు ఆకాశం కనపడదు, మన చేని కొట్టంలో నెలపాటు ఉండి నక్షత్రాల ఫోటోలు తీసుకుంటాడు" అని నువ్వు చెబితే సరే అన్నాను. మనిషి చాలా మర్యాదస్తుడు. నా అనుమానం అక్కడే మొదలైంది. బ్యాంకులో పని చేసేవాడు రైతును చూసి లేచి నిలబడడం నువ్వు ఎప్పుడైనా చూసినావా?

సామాను చూస్తే ఇంకా అనుమానం. మనిషంత పెట్టెలో నల్ల గొట్టం, మూడు కాళ్ల ఇనుప పీట, రెండు లారీ బ్యాటరీలు. వచ్చీ రాగానే దిక్సూచి తీసి ఉత్తరం యాడుందో చూసినాడు. మన కొట్టం వెనక పాత బురుజు ఉందని నీకు తెలుసు. గుప్తనిధుల వాళ్లు కూడా మొదట దిక్సూచే తీస్తారు.

అయినా వచ్చినవాడు మన ఇంటి చుట్టం. చీకట్లో కూర్చున్నాడే పాపం అని, పంచాయతీ వాళ్లను బతిమాలి కొట్టం మీదికి పెద్ద ఫోకస్ లైటు కట్టించినాను. స్విచ్చి వేయగానే ఆ మనిషి కేక వేసినాడు చూడు, గొర్రెలు దొడ్డి దూకినాయి. "అన్నా, అన్నా, దాన్ని ఆర్పన్నా, నా బతుకు పోతాది" అని నా కాళ్లు పట్టుకున్నంత పని చేసినాడు. వెలుతురంటే బతుకు పోయే ఉద్యోగం ఏముంటుంది అల్లుడూ, నువ్వే చెప్పు.

ఇంకొకటి. రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. నిన్న ఎవరితోనో ఫోన్లో చెబుతున్నాడు: "దేవయాని వచ్చేది అర్ధరాత్రి దాటినాకే సార్. కొండ పక్క నుంచి వస్తాది. నేను కాచుకొనే ఉంటా." ఎవరప్పా ఈ దేవయాని? మన మండలంలో ఆ పేరున్న ఆడమనిషి లేదు. ఓటరు లిస్టు తెప్పించి చూసినాను.

వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
నీ మామ
బయ్యన్న

ఇంకో మాట: కండక్టరు ఉత్తరాలు విప్పి చదువుతాడని అనుమానం. అందుకని కవరు అంచులన్నీ సంగటి ముద్దతో అంటించినాను. అంటు ఊడి ఉంటే తెలియజేయి.


అనంతపురం.

మామకు, అత్తకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. సంగటి అంటు ఎక్కడా ఊడలేదు. చాకుతోనూ ఊడలేదు. చివరికి కవరు చింపితే ఉత్తరంలో ఒక మూల దానితోనే వచ్చేసింది. ఇకమీదట అంత గట్టిగా అంటించకండి.

మామా, కంగారు పడాల్సింది ఏమీ లేదు. దేవయాని ఆడమనిషి కాదు. అది ఒక గెలాక్సీ పేరు. గెలాక్సీ అంటే లెక్కలేనన్ని నక్షత్రాల గుంపు. ఈ కాలంలో అది అర్ధరాత్రి దాటాక తూర్పున పైకి వస్తుంది. దాని వెలుగు అక్కడ బయలుదేరి మన దగ్గరికి చేరడానికి ఇరవై ఐదు లక్షల ఏళ్లు పడుతుంది. ఆ వెలుగు చాలా పలచన. అందుకే శశికుమార్ కెమెరాను ఆ గొట్టానికి తగిలించి ఒకే చోటికి గురిపెట్టి, రాత్రంతా వందల ఫోటోలు తీసి, వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫోటో చేస్తాడు. ఆ గొట్టం పేరు టెలిస్కోపు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి, గురి తప్పకుండా మోటారు దాన్ని మెల్లగా తిప్పుతుంటుంది. ఉత్తరం చూసుకోవడం కూడా అందుకే.

ఆయనకు శత్రువులు ముగ్గురే: లైటు వెలుతురు, వెన్నెల, మబ్బు. ఈ మూడూ లేకుండా నాలుగు రాత్రులు దొరికితే ఆయన జన్మ ధన్యమైనట్టే. దయచేసి ఆ ఫోకస్ లైటు తీయించండి.

ఇట్లు,
మీ అల్లుడు
విష్ణువర్ధన్

తాజా కలం: అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "అదంతా సరేగానీ, ఆ దేవయాని సంగతి ఇంకొంచెం కనుక్కోమను" అంది.


నల్లబండపల్లి.

చదువుకున్న అల్లుడు విష్ణువర్ధన్‌కు బయ్యన్న రాసేది —

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. చదివినకొద్దీ నా గుండె జారింది.

ఇరవై ఐదు లక్షల ఏళ్ల నాటిది ఫోటో తీస్తాడా? మండలాఫీసులో పదేళ్ల నాటి అడంగల్ కాపీ అడిగితే చెదలు తిన్నాయంటారు. పోనీ, అది కూడా నమ్ముతాను. ఒకే చోటును వందలసార్లు ఫోటో తీస్తాడన్నావు. మీ అత్తను పెళ్లినాడు కూడా అన్ని ఫోటోలు తీయలేదు. అది కూడా నమ్ముతాను. నిన్న కంప్యూటర్ తెరిచి నాకు చూపించినాడు. నలుపు మీద నలుపు. "ఏముందప్పా దీంట్లో" అంటే "ఇంకా రావాలన్నా, వస్తాది" అన్నాడు. అది కూడా సరే అనుకున్నాను.

కానీ మబ్బు శత్రువు అని రాసినావే, అది నీ చేత్తో నువ్వే రాసినావా? ఎవరికి రాస్తున్నావో చూసుకొనే రాసినావా?

మాకు ఇది ఆరుద్ర కార్తె. మీ అత్తా, పక్కింటి వాళ్లూ కూర్చొని వేళ్లు బొబ్బలెక్కేటట్టు శెనక్కాయలు వలిచి విత్తనం సిద్ధం చేసినారు. వలిచిన విత్తనం ఎక్కువ రోజులు నిలవదు. పదును వాన ఒక్కటి పడితే గొర్రు కట్టి విత్తాల. పడకుంటే విత్తనం పురుగు పాలు, చేను బీడు, ఏడాదంతా మా నోట్లో మన్ను. నాకు రాత్రిళ్లు నిద్ర రావడం లేదు. ఆకాశం కేసి చూసి మబ్బూ మబ్బూ అని మేము ఏడుస్తుంటే, నా కొట్టంలోనే నా అన్నం తింటూ ఒకడు మబ్బు రాకూడదని మొక్కుతున్నాడా?

నువ్వు రాసినాక కనిపెట్టి చూసినాను. రోజూ సాయంత్రం పడమటి నుంచి నల్లగా దిగుతుంది మబ్బు. ఊరంతా అరుగుల మీదికి వస్తుంది. ఈ మనిషి ఫోన్ తీసి అందులో ఏదో చూసి, "ఏం కాదన్నా, ఎనిమిదికంతా పోతాది" అంటాడు. గొట్టం మీద గుడ్డ తీస్తాడు. గొట్టం గుర్రుమని తిరుగుతుంది. ఎనిమిదికంతా మబ్బు పోతుంది! ఒక రోజు కాదు, రోజూ ఇదే కథ. మబ్బు పోతానే ఆ ముఖంలో ఆనందం చూడాల నువ్వు.

ఇది నా ఒక్కడి అనుమానమైతే కడుపులో పెట్టుకొని ఉందును. పక్క చేని చెన్నప్ప కూడా చూసినాడు. వాడు చూసినాడంటే ఊరు చూసినట్టే. నిన్న చావడి దగ్గర నిలబడి అందరూ వినేటట్టు అరిచినాడు: "ఏం బయ్యన్నా, మబ్బు తోలేవాన్ని తెచ్చి కొట్టంలో పెట్టుకుంటివా? ఎవురి మీద కసి నీకు?" నాకు తల కొట్టేసినట్టయింది.

నిజం చెప్పు. వీనికి జీతం ఇచ్చేది ఎవరు?

ఇట్లు,
నీ మామ బయ్యన్న

ఇంకో మాట: ఫోకస్ లైటు తీయించలేదు. ఇప్పుడు దాన్ని చెన్నప్పే కాపలా కాస్తున్నాడు.

మరో మాట: వెన్నెల కూడా గిట్టదని రాసినావు. వెన్నెల గిట్టనివాడు మనిషేనా అని మీ అత్త అడగమంది. నేను అడగలేదు, ఆమె అడిగింది.


అనంతపురం.

మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామా, కాస్త నిదానంగా ఆలోచించండి. ఆయన ఫోన్లో చూసేది ఉపగ్రహం పంపే మబ్బుల బొమ్మ. గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎప్పటికి దాటిపోతుందో అందులో తెలుస్తుంది. ఎనిమిదింటికి బస్సు వస్తుందని కండక్టరు చెబితే, బస్సును కండక్టరే లాక్కొచ్చాడంటామా? మన సీమలో ఆషాఢం గాలికి మబ్బులు కొట్టుకుపోవడం మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే కదా. అప్పుడు ఏ టెలిస్కోపు ఉండేది?

ఒక్క విషయం మీరు గట్టిగా పట్టుకోండి. టెలిస్కోపు నుంచి బయటికి ఏదీ పోదు. అది దేన్నీ తోలదు, నెట్టదు, కాల్చదు. పైనుంచి వచ్చేదాన్ని ఊరికే లోపలికి తీసుకుంటుంది, అంతే. గొట్టం అడుగున ఉన్న అద్దం దాన్నంతా ఒకచోట చేర్చి కెమెరాకు ఇస్తుంది. ఇదే మాట ఊళ్లోవాళ్లకు చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఇట్లు,
మీ అల్లుడు
విష్ణువర్ధన్

తాజా కలం: ఆయన జీతం బ్యాంకువాళ్లే ఇస్తారు. ఈ నెల సెలవులో ఉన్నాడు కాబట్టి అదీ కొంత తగ్గుతుంది.


నల్లబండపల్లి.

విష్ణువర్ధన్‌కు బయ్యన్న రాసేది.

దీవెనలు ఈసారి లేవు. నా మనసు బాగాలేదు.

నువ్వు చెప్పమన్నట్టే చెప్పినాను. చావడిలో అందరినీ కూర్చోబెట్టి, నీ ఉత్తరం చేతబట్టుకొని పైకి చదివినాను. "టెలిస్కోపు నుంచి బయటికి ఏదీ పోదు" అని చదివినప్పుడు జనం కొంచెం చల్లబడినారు. "పైనుంచి వచ్చేదాన్ని లోపలికి తీసుకుంటుంది" అని చదివినాను. అంతే. సర్పంచి ఈశ్వరప్ప మెల్లగా లేచి, "అన్నా, ఆ ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు. చదివినాను.

"ఇన్నాళ్లూ తోలతాండాడు అనుకుంటిమి కదప్పా," అన్నాడు ఈశ్వరప్ప. "పీలుస్తాండాడు!"

ఒరే అల్లుడూ, వాన కూడా పైనుంచి వచ్చేదే కదా! నువ్వు కాలేజీలో పాఠాలు చెప్పేవానివి, ఊరిముందు నన్ను నిలబెట్టి ఈ మాట చదివిస్తావా?

అంతలో చెన్నప్ప లేచి, "బయటికి ఏమీ పోదనేది కూడా అబద్ధమే. పచ్చగీత ఒకటి గొట్టం మీది నుంచి మబ్బు దాకా పోయింది, నేను నా కండ్లారా చూసినా" అన్నాడు. నేనూ చూసినాను కాబట్టి కాదనలేకపోయినాను. శశికుమార్‌ను పిలిపించి అడిగితే, "అది గురి చూసుకునే లేజరన్నా, చిన్న టార్చిలైటు అనుకో" అన్నాడు. లైటంటే బతుకు పోతుందన్న మనిషి దగ్గర టార్చిలైటు!

అప్పుడు పెద్దలు తేల్చినారు, వరద పాశం చేయాలని. నీకు గుర్తుందో లేదో, వానలు పోయినప్పుడు ఇంటింటా బియ్యం, బెల్లం ఎత్తి పాయసం వండి, కడిగిన నల్లబండ మీద పోసి, మగవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకొని మోకాళ్ల మీద వంగి నాకుతారు. వరుణదేవుడికి జాలి పుట్టాలని. ఈసారి మొదట నాకాల్సింది శశికుమార్ అన్నారు. తీసుకున్నవాడే ముందు దించాలంట.

నేను అడ్డం పోయినాను. ఏమైనా ఇంటికొచ్చిన చుట్టం కదా. ఆ మనిషి మాత్రం, "నాకేం పర్వాలేదన్నా, వాన పడితే నాకూ సంతోషమే, నేనేమన్నా బండరాయినా" అని గబగబా వంగినాడు. బాగా నాకినాడు. ఇంత అయినా కోపం రాలేదంటే వాని లోపల ఏముందో నాకు అంతుబట్టడం లేదు.

మధ్యాహ్నం బస్సుకు సామానుతో సహా ఎక్కించి పంపించినాను. ఊరు శాంతించాలంటే వేరే దారి లేకపోయింది. మళ్లీ ఇటువైపు పంపవద్దు.

ఇట్లు,
బయ్యన్న

ఇంకో మాట: ఉత్తరం అంటించబోతుంటే రేకుల మీద టపటపా చప్పుడు. మీ అత్త ఆరేసిన గుడ్డల కోసం పరిగెత్తింది. వాన! బస్సు ముదిగుబ్బ దాటిందో లేదో, వాన! నేను పంచె తడుపుకుంటూ చేన్లో నిలబడి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాను. పదును పడింది, రేపు విత్తనం వేస్తాము. ఇక నువ్వు నాకు సైన్సు చెప్పవద్దు.


అనంతపురం.

మామకు నమస్కారాలు.

వాన పడినందుకు నిజంగా సంతోషం. మిగతా సంగతులకు మాత్రం నాకు చాలా కోపంగా ఉంది. అయినా పెద్దవారు కాబట్టి నాలుగు మాటలతో సరిపెడుతున్నాను.

శశికుమార్ తడిసి ముద్దయి దిగాడు. మీ మీద ఒక్క మాట కూడా చెడుగా అనలేదు. పాయసం బాగుందన్నాడు. కానీ ఆయనకు జనవరిలో కలకత్తాకు బదిలీ అవుతోంది. ఆ ఊళ్లో చంద్రుణ్ణి తప్ప ఇంకేదీ చూడలేమట. ఎన్నో ఏళ్లుగా దేవయానిని ఒక్కసారైనా తృప్తిగా ఫోటో తీయాలని ఆయన కోరిక. వాన తగ్గాక కార్తీకంలో ఇంకో అవకాశం ఉంది. గోరంట్ల దగ్గర ఎవరో చేను ఇస్తామన్నారట, అక్కడికి వెళ్తాడు. మీకు ఇక ఏ ఇబ్బందీ ఉండదు.

ఇట్లు,
విష్ణువర్ధన్

తాజా కలం: అమ్మ కూడా మీ మీద కోపంగానే ఉంది. వచ్చినవాణ్ణి బండ నాకించి పంపినందుకు కాదు. పాయసం తనకు పంపనందుకు.


నల్లబండపల్లి.

మా వంశానికి వెలుగైన నా బంగారు అల్లుడు, లెక్చరర్ విష్ణువర్ధన్ గారికి నీ మామ బయ్యన్న వేయి దీవెనలతో ప్రేమగా రాసేది ఏమంటే —

నువ్వు బాగున్నావా? పిల్లలు బాగున్నారా? తిమ్మక్క మోకాలు ఎట్లుంది? నీ స్నేహితుడు, ఆ దేవుడిలాంటి మనిషి శశికుమార్ గారు బాగున్నారా? మీ అత్త రోజూ తలుచుకుంటుంది. మొన్న సంగటి గెలుకుతూ కూడా, ఆ అబ్బాయికి మన సంగటంటే ఎంత ఇష్టమో అని కన్నీళ్లు పెట్టుకుంది.

అల్లుడూ, దాచకుండా చెబుతాను. ఈసారి కాయ దిగినట్టు గత పదేళ్లలో దిగలేదు. చెట్టు పెరికితే గుత్తులు గుత్తులు. పెరికి ఎండాలని చేన్లోనే వరసలు వేసినాము. వేసిన మర్నాటి నుంచి మబ్బు. వాయుగుండమంట, టీవీలో తిప్పి తిప్పి చూపిస్తున్నారు. ఇప్పుడు కానీ వాన పడిందంటే కాయ బూజు పట్టి, మొలకెత్తి, మేత కూడా నల్లబడి, మేము ఇంటిల్లిపాదీ కూర్చొని ఏడవాల్సిందే. ఎకరాలకు ఎకరాలు పట్టలు కప్పలేము. భయంతో మీ అత్త అన్నం ముట్టడం లేదు.

నిన్న ముదిగుబ్బ సంతలో గోరంట్ల మనిషి కలిసినాడు. వాళ్లకు ఎండ కాస్తోందంట! మాకు మబ్బు, వాళ్లకు ఎండ. ఎందుకో నేను అడగలేదు, నాకు తెలుసు. శశికుమార్ గారు ఆడ ఉన్నాడు. గోరంట్లవాళ్లు ఎంత గట్టివాళ్లో చూడు, ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా ఎండ కాయించుకుంటున్నారు.

నువ్వు ఎట్లైనా చేసి ఆ మనిషిని గొట్టంతో సహా మన కొట్టానికి పంపించాల. కాయ ఎండి మూటలు కట్టేదాకా చాలు. నేను అడిగినా అని కాదు, ఊరంతా అడుగుతోంది. ఆయన వస్తాడని ముందే వీధిలైట్లన్నీ ఆర్పించినాము. కొత్త పెళ్లికొడుకు ఇంటిమీది సీరియల్ లైట్లు కూడా పీకించినాము. ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు, వాళ్ల కాయ కూడా చేన్లోనే ఉంది. ఎవరైనా బీడీ ముట్టించుకోవాలన్నా ఇంట్లోకి పోయి తలుపు వేసుకోవాలని చాటింపు వేయించినాము. బండ నాకించింది అప్పటి మాట. అప్పుడు మాకు వాన కావాల్సి ఉండె.

ఇట్లు,
నిన్నే నమ్ముకున్న
మామ బయ్యన్న

ఇంకో మాట: ఫోకస్ లైటు చెన్నప్పే స్వయంగా నిచ్చెన ఎక్కి విప్పినాడు. కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది నేను. పడితే నా మీదే పడాలని వాని ఆలోచన అయి ఉంటుంది.


అనంతపురం.

మామకు నమస్కారాలు.

శశికుమార్‌ను బతిమాలి ఒప్పించాను. రేపు సాయంత్రం బస్సుకు వస్తాడు. గోరంట్లలో పక్కనే కోళ్లఫారం లైట్లు ఉన్నాయట, ఫోటో ఒక్కటీ సరిగ్గా రాలేదు. మీ ఊరు మొత్తం చీకటి చేసుకుందని చెబితే ఆయన కళ్లు మెరిశాయి.

కానీ మామా, ఒక్క మాట మీరు ఒప్పుకోవాలి. ఆ గొట్టం మబ్బును తోలదు, పీల్చదు, పట్టదు. ఒకవేళ వాన పడితే ఆయన్ను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. బండ దగ్గరికి అసలే తీసుకుపోకూడదు. దీనికి మీరే పూచీ.

ఇట్లు,
మీ అల్లుడు
విష్ణువర్ధన్

తాజా కలం: ఈసారి పాయసం వండితే ఒక డబ్బా కండక్టరు చేత పంపమని అమ్మ ఆజ్ఞ. ఎందుకు వండినా సరేనట.


నల్లబండపల్లి.

చిరంజీవి విష్ణువర్ధన్‌కు మామ బయ్యన్న చల్లగా ఉండమని దీవించి రాసేది —

ముందుగా మంచి మాట. కాయ ఎండింది. కొట్టించి, తూర్పారబట్టి, మూటలు కట్టి ఇంట్లోకి చేర్చినాము. ఒక్క గింజ కూడా నల్లబడలేదు. మీ అత్త కడుపునిండా అన్నం తిని, కంటినిండా నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

నువ్వు ఒప్పుకోమన్నది ఒప్పుకున్నాను. శశికుమార్ బస్సు దిగేటప్పటికి ఆకాశం గొంగడి కప్పినట్టు ఉంది. ఊరంతా బస్టాండులోనే ఉంది. ఆ మనిషి చేతులు జోడించి, "అన్నా, నా చేతిలో ఏమీ లేదన్నా, మీరు నా మీద ఆశ పెట్టుకోవద్దన్నా" అన్నాడు. "అట్లనే అనాలప్పా, మాకు తెలుసులే" అని చెన్నప్ప వాని భుజం తట్టినాడు. మర్నాటికి గాలి తిరిగింది. వాయుగుండం ఎటో పోయింది. ఎటు పోయిందో టీవీవాళ్లు సరిగ్గా చెప్పలేదు, నేను పట్టి పట్టి విన్నాను. ఆకాశం కడిగిన పళ్లెం మాదిరి అయింది. ఊరు చీకట్లో కూర్చుంది, ఆయన పని ఆయన చేసుకున్నాడు, మా కాయ ఎండింది.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని నువ్వు చదివి చింపేయాల.

పోయే ముందు ఆయన నాకు ఆ ఫోటో చూపించినాడు. వందల ఫోటోలు పేర్చి చేసిన ఆ ఒక్కటి. చూపించేటప్పుడు ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. "వచ్చిందన్నా, ఇన్నేండ్లకు వచ్చింది" అన్నాడు. ఒక ఫోటోకు మగవాడు ఏడుస్తాడా అని నేను దగ్గరికి వంగి చూసినాను.

అల్లుడూ, నాకు చదువు తక్కువేమో గానీ కండ్లు తక్కువ లేవు. పుట్టినప్పటి నుంచీ నేను చూసింది రెండే: నేల, ఆకాశం. అది మబ్బు. తెల్లటి మబ్బు. నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా, చాప చుట్టినట్టు చుట్టలు చుట్టి ఉంది. చుట్టల మధ్య నల్లటి చారలు కూడా ఉన్నాయి, వాన ఉండేది వాటిలోనే. "ఇది దేవయాని అన్నా" అన్నాడు. "సరేప్పా" అన్నాను. టీవీవాళ్లకు దొరకని వాయుగుండం యాడికి పోయిందో నాకు ఆ నిమిషంలో తెలిసిపోయింది.

నేను బయటపడలేదు. మర్యాదగా, "గుర్తుగా మాకొకటి ఇస్తావాప్పా" అన్నాను. ఆ పిచ్చి మారాజు సంతోషంతో అనంతపురం పోయి, గాజు పలక వేసి, చుట్టూ చెక్క బిగించి, కొత్త బట్టలో చుట్టి కండక్టరు చేత పంపించినాడు. ఏమి చేతికిస్తున్నాడో తెలిసి ఇచ్చినాడా, తెలియక ఇచ్చినాడా అనేది నేను ఇంకా తేల్చుకోలేదు. కలకత్తాకు చల్లగా పోయి రమ్మని చెప్పు. అక్కడ వానలు ఎక్కువంట కదా, ఆయనకు పని బాగానే దొరుకుతుంది.

పటం లోపలి గదిలో, విత్తనం మూట మీద బోర్లా పెట్టి తాళం వేసినాను. వచ్చే ఆరుద్ర కార్తెకు వాన రాలేదో, మన చేని నడుమకు తీసుకుపోయి గాజు పలక ఊడదీస్తాను. ముందుగా గాలి ఎటు వీస్తోందో చూసుకొని ఊడదీస్తాను. చెన్నప్ప చేను పక్కనే కదా.

ఇట్లు,
నీ మామ
బయ్యన్న

ఇంకో మాట: చెన్నప్ప వచ్చి, "ఏందో పటం వచ్చిందంట, చూపించు" అన్నాడు. మా నాయన ఫోటో అని చెప్పినాను. "మీ నాయన ఫోటోకు తాళమెందుకు" అని అడిగినాడు. వానికి అన్నిటికీ అనుమానమే, ఆ మనిషితో వేగలేము.

మరో మాట: నువ్వు నమ్మవని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పొద్దు తెల్లవారి తాళం తీసి పటం చూస్తే, గాజుకు లోపలి పక్క చెమ్మ పట్టి ఉంది. బయట తుడిస్తే పోలేదు. లోపలే ఉండాది. ఇప్పుడు చెప్పు సైన్సు.